డ్రైవర్ సీట్లో మావయ్య

ముందు చక్రాలను రెండు ఇనప ర్యాంపుల మీదికి ఎక్కించి, వెనక చక్రాలకు ఇటుకలు అడ్డం పెట్టి, కోడలు అట్టముక్క పరుచుకుని కారు కిందికి దూరింది. ఇంజన్ ఆయిలు మార్చడం ఆమెకు నేర్పింది మామగారే. నలభై ఏళ్లు టాక్సీ నడిపిన మనిషి. ఇప్పుడు పొద్దున తిన్నది మధ్యాహ్నానికి గుర్తుండదు. ఒక్కోసారి కోడలూ గుర్తుండదు. ఆయన కుర్చీలో కునుకు తీస్తున్నాడు కదా అని ఆమె పనిలోకి దిగింది.

బోల్టు విప్పగానే నల్లటి ఆయిలు వేడివేడిగా పళ్లెంలోకి ధార కట్టింది. పాత ఫిల్టరు కూడా తిప్పి తీసేసింది. కొత్తది అందుకోబోతుంటే పైన డోరు తెరుచుకుంది. కారు ఒక పక్కకు కుంగింది. డోరు పడింది.

ఎక్కింది మావయ్యే. ఇందాక ఆయిలు పల్చబడాలని ఐదు నిమిషాలు ఇంజన్ తిప్పి, తాళం దానికే వదిలేసింది.

“మావయ్యా, నేను కింద ఉన్నాను. ఏమీ ముట్టుకోకండి.”

“మావయ్యెవరు? టైమైపోతోంది. స్టేషన్‌కి వెళ్లాలి.”

గేరు న్యూట్రల్‌లో పడిన చప్పుడు. తర్వాత హ్యాండ్ బ్రేకు దిగింది. కారు వేలెడంత వెనక్కి జరిగి ఇటుకలకు ఆనింది. ఒకటి పటుక్కుమంది. ర్యాంపులు దిగిందంటే బరువంతా తన ఛాతీ మీదే. పాకి బయటపడేలోగా ఆయన తాళం తిప్పితే? అరిస్తే బెదిరి ఏం నొక్కుతాడో. ప్యాసింజరు సామాను ఎక్కనిదే బండి కదిపేవాణ్ని కాదని ఆయన చెప్పుకునే గొప్ప తట్టింది.

“డ్రైవర్ గారూ,” అంది, ప్యాసింజరులా. “నా సామాను ఇంకా కిందే ఉందండీ.”

పైన సీటు కిర్రుమంది.

“ఎన్ని పెట్టెలమ్మా?”

“రెండు. నేను ఎత్తలేను. బ్రేకేసి, తాళం తెచ్చి డిక్కీ తెరుస్తారా?”

“ఆ మాట ముందే చెప్పాలి కదమ్మా.”

హ్యాండ్ బ్రేకు కరకరమంటూ లేచింది. తాళాలు గలగలమన్నాయి. ఆయన చెప్పులు వెనక్కి నడిచాయి.

మోచేతులు గీరుకుపోతున్నా చూసుకోకుండా ఆమె బయటికి పాకింది. ఆయన డిక్కీ ఎత్తి పట్టుకుని పెట్టెల కోసం వెతుకుతున్నాడు. తాళం మెల్లగా తీసుకుంది. ఆయన ఆమె చేతుల నలుపు చూశాడు.

“ఆయిలు దింపావా అమ్మాయ్? ఫిల్టరు రబ్బరుకి కాస్త కొత్త ఆయిలు రాశావా?”

“ఇంకా లేదు మావయ్యా.”

“రాయకపోతే అతుక్కుపోతుంది. ఈసారి విప్పలేక చస్తావ్.”

నవ్వుదామనుకుంది, రాలేదు. బోల్టు, కొత్త ఫిల్టరు బిగించడానికి మళ్లీ కిందికి వెళ్లాలి. విరిగిన ఇటుక మార్చింది, గేరు వేసింది, డోర్లకు తాళం వేసి జేబులో పెట్టుకుంది. అయినా బోల్టు రెండుసార్లు జారింది.

“మావయ్యా, నాకు కనపడేట్టు అక్కడే నిలబడి ఏదో ఒకటి మాట్లాడుతూ ఉండండి.”

ఆయన రబ్బరు సంగతే మళ్లీ మొదటినుంచి చెప్పాడు. తర్వాత కొత్త ఆయిలు ఆయనే గరాటుతో, చుక్క ఒలక్కుండా పోశాడు.

సాయంత్రం భర్త వచ్చి, “అయిందా పని?” అని అడిగాడు. అయిందంది. అప్పుడు కూర్చుని అంతా చెప్పింది. అతను దూది తెచ్చి ఆమె మోచేతులకు మందు రాస్తూ కూర్చున్నాడు.