ఉక్కుభుజంగారి మోటారు

రేవు నుంచి అవతలి ఒడ్డుకు జనాన్ని దాటించే పడవ ఒక్కటే. దాని వెనక బిగించిన మోటారు ఒక్కటే. ఆ మోటారును కుడికో ఎడమకో తిప్పగల మగాడు కూడా ఒక్కడేనని ఊరంతా నమ్మింది. అందుకే ఆయన్ని ఉక్కుభుజం అనేవారు.

ఆయన పడవ అంచుకు కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, రెండు చేతులతో మోటారు పిడిని ఒక్క తోపు తోస్తే, పడవ బద్ధకంగా మూతి తిప్పేది. జనం ముక్కున వేలేసుకునేవారు. మోటారు తిరగడం కష్టమైతే మోటారుకేదో రోగం వచ్చిందనుకోవడం మామూలు లోకం పద్ధతి. మనవాళ్ళ పద్ధతి వేరు. తిప్పేవాడికి దండ వేస్తారు.

ఆయనకు మాత్రం మోటారంటే ప్రాణం. ఏటా వానలు వెళ్ళగానే దానికి నీలం రంగు తళతళలాడేటట్టు కొట్టేవాడు. ఉప్పునీటికి లేచిన తుప్పు పొక్కుల మీద కొట్టేవాడు, బోల్టుల మీద కొట్టేవాడు, లోపలికి గ్రీజు ఎక్కించడానికి కంపెనీవాడు పెట్టిన చిన్న చిన్న నిప్పిళ్ళ మీద కూడా కొట్టేవాడు. పద్దెనిమిదేళ్ళ రంగు పేరుకుని ఆ నిప్పిళ్ళు పులిపిర్లలా మిగిలాయి.

కోడలికి పడవ నడిపే లైసెన్సు వచ్చి ఏడు నెలలైంది. పెళ్ళికి ముందు తండ్రి లేతుషాపులో పనిచేసిన పిల్ల. ఇంట్లో ఊరికే కూర్చోమంటే ఆమెకు ఊపిరాడదు. వారానికోసారి అడిగేది.

"మామయ్యా, పొద్దుటి ట్రిప్పులు నేను వేస్తాను. సాయంత్రం మీరు వేయండి."

"అమ్మాయ్, లైసెన్సు కాగితం మీద ఇస్తారు. భుజంలోకి ఎక్కించరు."

"పోనీ ఒకసారి గ్రీజు కొట్టి చూద్దాం."

"నెలనెలా కొడుతున్నాగా. బయటికి పొంగేదాకా కొడతాను."

పొంగే మాట నిజమే. నిప్పిలు మూసుకుపోతే గ్రీజు ఇక పోయేదెక్కడికి? గ్రీజు కొట్టే గన్ మూతి చుట్టూ బయటికి వచ్చేసేది. మోటారు కడుపు నిండిందనుకుని ఆయన గుడ్డతో తుడిచేసి తృప్తిగా చేతులు కడుక్కునేవాడు.

ఆయన బాధ ఇంకోటుంది. ఏడాదిగా కుడిభుజం రాత్రీ పగలూ సలుపుతోంది. ఆ పిడి వదిలేస్తే రేవులో తననెవరు పలకరిస్తారని ఆయనకు లోపల భయం. బయటికి చెప్పలేడు, ఉక్కుకు నొప్పేమిటంటారు. చివరికి భుజం బూరెలా వాచింది. నాలుగు రోజులు చెయ్యి ఎత్తారంటే ఆ తర్వాత ఎత్తే పనే ఉండదని డాక్టరు మొహమ్మీదే చెప్పాడు. పరువు పోకుండా, మోటారు సర్వీసింగులో ఉందని రేవులో చెప్పించాడాయన.

ఆ అబద్ధాన్ని రెండో రోజే కోడలు నిజం చేసేసింది. పడవ తాళం అత్తగారే తెచ్చి చేతిలో పెట్టింది.

కోడలు బ్లేడుతో రంగు గీకి పులిపిర్లను బయటపెట్టింది. స్పానరుతో నిప్పిళ్ళు విప్పితే, లోపల పాత గ్రీజు లక్కలా గట్టిపడి ఉంది. తీగతో పొడిచింది, కిరసనాయిలు పోసింది, వేడినీళ్ళు కుమ్మరించింది, చెక్కసుత్తితో మెల్లిగా తట్టింది, పిడిని అటు వేలెడు ఇటు వేలెడు కదిపింది. రెండు పూటలు పట్టింది. కొత్త నిప్పిళ్ళు బిగించి గ్రీజు కొడితే, ముందు ఇటుకపొడిలాంటి తుప్పు వచ్చింది, తర్వాత నల్లటి ముద్ద వచ్చింది, చిట్టచివరికి శుభ్రమైన గ్రీజు వచ్చింది. అత్తగారు వచ్చి పిడి మీద వేలు పెట్టింది. మోటారు బుద్ధిగా తిరిగింది. ఆవిడ ఇటూ అటూ మూడుసార్లు తిప్పి చూసింది.

"పద్దెనిమిదేళ్ళుగా ఆయన భుజానికి మర్దనా చేస్తున్నానే. ఒక్కసారి ఆ రంగు గీకి ఉంటే నా చేతులైనా మిగిలేవి" అంది.

నాలుగో రోజు రాత్రి అన్నం దగ్గర కోడలు, "మామయ్యా, రేపు పిడి కాస్త మెల్లిగా..." అని మొదలుపెట్టింది.

"నాకు మోటారు గురించి చెప్పకమ్మా. మజ్జిగ పొయ్యి" అన్నాడాయన.

ఐదో రోజు పొద్దున్నే పడవ నిండింది. ముసలి పంతులమ్మ, బ్యాంకు గుమాస్తా, కుట్టిన బట్టల మూటతో టైలరు, ఇంకో పదిమంది. కోడలు కూడా ఎక్కి మోటారు దగ్గరే కూర్చుంది. ఆయన మోటారు స్టార్టు చేసి, కాలు తన్నిపెట్టి, పళ్ళు బిగించి, తన పేరు నిలబెట్టేటంత బలంగా తోశాడు.

పడవ ఉన్నచోటే గిర్రున ఒకటిన్నర చుట్టు తిరిగింది. ఆయన వెళ్ళి టైలరు మూట మీద పడ్డాడు. కోడలు పిడి అందుకుని పడవను మళ్ళీ రేవుకు ఆనించింది.

"పాపం భుజం పట్టేసినట్టుంది" అన్నాడు గుమాస్తా. "ఇక దీన్నెవరు తిప్పుతారు? నీ వల్ల అవుతుందా అమ్మా? చాలా బలం కావాలేమో."

కోడలు మామగారి వంక చూసింది. ఆయన మొహంలో నెత్తుటి చుక్క లేదు.

"చాలా కావాలండీ" అంది. "మామయ్యకు తప్ప ఇంకొకరికి లొంగదు."

"అయితే మేం దిగిపోతాం" అని జనం సంచులు సర్దుకున్నారు. వాళ్ళు దిగడానికి కోడలు తాడు పట్టుకుని నిలబడింది.

ఆయన మూట మీదే ఉన్నాడు. పిడి ఆమె చేతిలో ఎలా కదిలిందో కళ్ళారా చూశాడు. ఆ కొత్త నిప్పిళ్ళూ చూశాడు. ఒక్క నిమిషం నోరు మూసుకుంటే చాలు, జన్మంతా ఉక్కుభుజంగానే ఉండిపోవచ్చు. ఆ మాట మనసుకు ఎంత తియ్యగా తగిలిందంటే, ఆయనకు తన మీద తనకే అసహ్యం వేసింది.

"కూర్చోండి" అన్నాడు. "దీనికి బలం అక్కర్లేదు. రెండు వేళ్ళు చాలు. నేనిన్నాళ్ళూ తుప్పుతో కుస్తీ పట్టాను."

ఎవరూ నమ్మలేదు. ఊరు ఇష్టపడి పెంచుకున్న భుజాన్ని అంత తేలిగ్గా వదులుకుంటుందా? "పెద్దమనసుతో అంటున్నారు" అని గుమాస్తా సంచీ భుజానికి తగిలించుకున్నాడు. ఇక లాభం లేదని ఆయన పంతులమ్మను పిలిచి పిడి దగ్గర నిలబెట్టాడు. ఆవిడ ఒక చేత్తో గొడుగు పట్టుకునే రెండో చేతి చిటికెనవేలితో మోటారును ఆ చివర నుంచి ఈ చివరకు తిప్పింది. ముందు టైలరు నవ్వాడు. తర్వాత పడవంతా నవ్వింది. ఆయన చెవులు కాలిపోతున్నా, నవ్వులన్నీ అయ్యేదాకా అక్కడే నిలబడ్డాడు.

"పోనియ్యమ్మా, పొద్దెక్కుతోంది" అని, వెళ్ళి జనం మధ్య బల్ల మీద కూర్చున్నాడు.

సగం దూరం వెళ్ళాక కోడలు మెల్లిగా అడిగింది. "సాయంత్రం ట్రిప్పు మీరు వేస్తారుగా మామయ్యా?"

"వేస్తాను. ముందు నువ్వు నేర్పాలి" అన్నాడాయన. "నాకు తోయడమే వచ్చు. తిప్పడం రాదు."