మట్టి మోసిన పెద్దలు

హిరణ్యాక్షుడు భూమిని చాపలా చుట్టి చంకన పెట్టుకొని పాతాళానికి పోయాడని పురాణం. వాడు రాక్షసుడే గాని, వాడి పక్షాన ఒక్క మాట చెప్పక తప్పదు. చుట్టుకొని పోయాడు గాని, సంరక్షిస్తున్నానని ఎవరితోనూ అనలేదు. కర్నూలు రాజధానిగా వెలిగిన ఆ మూడేళ్ళలో, సర్కారు గుడారాలలో కాపురం చేస్తున్న కాలంలో పుట్టిన భూసంరక్షణ ధర్మసంఘం పెద్దలకు ఆ పాటి నిజాయితీ కూడా కరవు.

సంఘానికి అధ్యక్షుడు చిన ఓబుళరెడ్డి. తెల్లదొరలు ఉన్నన్నాళ్ళూ కలెక్టరు బంగళా మెట్ల కింద తలపాగా చేతబట్టుకొని నిలుచున్నవాడు, వాళ్ళు ఓడ ఎక్కిన మరునాడే ఖద్దరు తొడిగినవాడు. సొంత పొలం గట్టు మీది వేపచెట్లన్నీ బొగ్గుల బట్టీకి తోలి, ఆ మొద్దుల నడుమనే నిలబడి వృక్షరక్షణ మీద గంటసేపు ఉపన్యసించగల ఘనుడు. కార్యదర్శి వకీలు ఆనందరావు. అన్నదమ్ములు గట్టు తగాదాతో వస్తే ఇద్దరినీ గెలిపిస్తానని నమ్మబలికి, చివరికి గట్టుతోపాటు చేనునూ తానే మింగిన మేధావి. కోశాధికారి గోపన్నసెట్టి. బేతంచెర్ల వైపు గుట్టలను నాపబండలుగా కోసి అమ్మే వర్తకుడు. గుట్టలను కోసేవాడు గుట్టలను కాపాడే సంఘానికి కోశాధికారి ఎట్లా అయ్యాడని అడిగినవాడు లేడు. అడగవలసిన వాళ్ళ ఇళ్ళలో అప్పటికే సెట్టిగారి కొత్త బండలు పరిచి ఉన్నాయి.

ఈ ముగ్గురి చూపూ కోయిలకుంట్ల తాలూకా గుట్లపాడులోని ఎద్దులబీడు మీద పడింది.

ఆ బీడు నాగలక్ష్మమ్మది. గుట్ట వాలున పరుచుకున్న గడ్డినేల. నాగలి మొన ఎరగనిది. మొన్నటి కరువులో ఊరూరా గంజి కాస్తున్న రోజుల్లో చుట్టుపక్కల పల్లెల పశువులు ప్రాణాలు నిలుపుకున్నది ఆ గడ్డిపరకల మీదనే. భర్త నారాయణరెడ్డి కన్నుమూస్తూ ఆమె చేయి పట్టుకొని, "నోరులేని వాటి నోటికాడ కూడు తియ్యొద్దు" అన్నాడు. ఆ మాట ఆమె ఇంతకాలం నిలిపింది. కాని ఆమెకు సంతానం లేదు, ఒంట్లో సత్తువ లేదు. ఆమె ఊపిరి పోయే ముహూర్తానికి దాయాదులు పంచాంగం విప్పుకొని కూర్చున్నారు. తాను పోయినాక బీడు ఏమవుతుందన్న దిగులు ఒక్కటే ఆమెను మంచం పట్టనీయకుండా, నిద్ర పోనీయకుండా చేస్తున్నది. ధర్మసంఘమని పేరు వినగానే, నరసింహస్వామే దారి చూపించాడేమోనని ఆ పిచ్చితల్లి ఒక పూట నమ్మింది.

పెద్దలు జీపులో దిగారు. అరుగు మీద చాప పరిచి మజ్జిగ ఇచ్చింది.

"వదినా, ఈ బీడు నీది గాదు. దేశానిది," అన్నాడు ఓబుళరెడ్డి, దూరపు చుట్టరికాన్ని దగ్గరికి లాక్కుంటూ.

"అట్లనా అప్పా? శిస్తు మాత్రం నేను కడతాండానే," అంది నాగలక్ష్మమ్మ.

వకీలు ముసిముసిగా నవ్వి, సంఘం ఆశయాలు ఏకరువు పెట్టాడు. గడ్డి, గాలి, వాన, గోవు, భూమాత. ఒక్కొక్క మాటకు నెయ్యి పూసి వదిలాడు. ఆ నేతిమాటలు జారుతుండగానే సెట్టి మెల్లగా లేచి బీడులోకి నడిచాడు. చేతికర్రతో నేలను అక్కడక్కడా పొడుస్తూ, చెవి ఒగ్గి, నాడి చూసే వైద్యునిలా తల పంకించసాగాడు.

ఇంట్లో ఆమెకు తోడుగా ఉండే సిద్దమ్మ గడప వెనక నుంచి గొణిగింది. "అమ్మా, ఆ సెట్టి గడ్డి చూడ్డంల్యా. గడ్డి కింద బండ ఎంత మందం ఉండాదో చూస్తాండాడు."

"నాకు కండ్లు పోయినాయనుకుంటివా?" అంది నాగలక్ష్మమ్మ, పెదవి కదపకుండా.

నమ్మకం అక్కడే సగం చచ్చింది. అయితే మిగిలిన సగాన్ని ఒక పరీక్షకు నిలపాలనుకుంది. వీళ్ళను పొమ్మంటే దాయాదులున్నారు. వీళ్ళు నిజంగా కట్టుబడితే బీడు దక్కుతుంది. కట్టుబడ్డారో లేదో తేల్చేది ఆ గుట్టల సీమలో ఒక్కటే ఉంది.

"సరే నాయనా, ఇస్తా. మా తావున నేల చేయి మారితే ఒక ఆచారముండాది. పుచ్చుకునేవాడు తడిపంచె కట్టుకొని, ఆ నేల మట్టిగడ్డ నెత్తిన పెట్టుకొని, చెప్పుల్లేకుండా హద్దంతా తిరగాల. ముందర తలారి నడుస్తాడు. మట్టి మోసినోని కాలు యాడ ఆగితే హద్దు ఆడనే ఆగుతాది. తెగిన నడక మళ్ళా అతకదు. ఎంత మేర నడిస్తే అంతే ధార పోస్తా. ఇంకోటి, నడిచే ముందర ప్రమాణం చెయ్యాల. ఈ నేల తవ్వను, దున్నను, అమ్మను. తప్పితే అహోబిలం నరసింహుని గోళ్ళు నా వంశానికి తగలాల. అంతే."

చెప్పి, ఆమె వాళ్ళ ముఖాలు చూసింది. ఆ సీమలో కత్తి గొంతు మీద పెట్టినా చలించని మొండివాళ్ళు ఈ ప్రమాణం దగ్గర తడబడి కచేరీ అరుగు దిగిపోవడం ఆమె చిన్ననాటి నుంచి చూసింది. దొంగ ఎవరైనా ఉంటే వాడు ఈపాటికి చెమటలు తుడుచుకోవాలి.

ఓబుళరెడ్డి రెప్ప కూడా వేయలేదు. "గోళ్ళే ఏంది వదినా, ఆయప్ప కోరలు గూడా తగలనీ! రేపే నడుస్తాం," అన్నాడు.

"ఆచారమంటే మాకు ప్రాణం," అన్నాడు వకీలు. "కర్నూలు నుంచి ఫోటోలవాణ్ణి పిలిపిస్తాను. మంత్రిగారి సభలో ఆ ఫోటో పెట్టించాలి."

జీపు లేపిన ధూళి అణగినాక నాగలక్ష్మమ్మకు తన పొరపాటు తెలిసింది. ప్రమాణానికి భయపడాలంటే లోపల దేవుడైనా ఉండాలి, సిగ్గయినా ఉండాలి. రెండూ లేనివాడికి నరసింహుని గోళ్ళూ ఒకటే, తాను గిల్లుకునే గోళ్ళూ ఒకటే. ఆ సంగతి ఆమె ముందుగా తలచలేదు. నలుగురు వినగా మాట ఇచ్చేసింది. మోసినవాడికి ధార పోయక తప్పదు. మాట తప్పడం ఆ ఇంట పుట్టినవాళ్ళకూ లేదు, మెట్టినవాళ్ళకూ లేదు.

"నా నోటితో నేనే బీడుకు ఉరి పోసినాను గదే సిద్దమ్మా," అంది. ఆ పూట ముద్ద ముట్టలేదు.

మరునాడు పొద్దెక్కే వేళకు ఊరు ఊరంతా బీడు మొగదల చేరింది. సర్కారు జీపు, మూడుకాళ్ళ పెట్టె మీద నల్లగుడ్డ కప్పుకున్న ఫోటోలవాడు, పూలదండలు. తడిపంచె అంటే జలుబు చేస్తుందని అధ్యక్షులవారు ఇస్త్రీ పంచె మీద నాలుగు చుక్కలు చిలకరించుకున్నారు. నెత్తి మీద పట్టు ఉత్తరీయం చుట్ట, దాని మీద నిమ్మకాయంత మట్టిగడ్డ. ప్రమాణం అక్షరం పొల్లుపోకుండా, సభలో తీర్మానం చదివినట్టు చదివాడు. ఫోటోలవాడు చెయ్యెత్తగా ముగ్గురూ భక్తితో ఆకాశం చూశారు. తలారి మద్దిలేటి కర్ర ఎత్తి ముందు నడిచాడు. నాగలక్ష్మమ్మ మొదటి హద్దురాతి మీద కూర్చొని కళ్ళు మూసుకొని నామజపంలో పడింది.

వాగువంక మలుపు దాకా బాట నున్నన. ఆ తర్వాత పల్లేరు, తుమ్మముల్లు, నిప్పుల్లాంటి గులకరాళ్ళు. మలుపు తిరిగి జనం కనుమరుగు కాగానే, వెనకనే వచ్చిన జీపు ఆగింది. ఆ పెద్దలు చేసిన పని ఇంకెవరికీ తట్టదు. పట్టుబడతామన్న శంకైనా లేకుండా మట్టిగడ్డను జీపు ముందుభాగాన పెట్టి, సీట్లలో చల్లగా కూర్చుని, బీడు వెలుపలి బండిబాట వెంబడి చుట్టి వచ్చారు. వాళ్ళ దృష్టిలో నడక ఫోటో కోసం. ఫోటో అయిపోయింది. మిగిలిన దూరాన్ని కాళ్ళతో ఎందుకు కొలవాలి?

అవతలి కొసన దిగి, గడ్డను మళ్ళీ నెత్తికెత్తుకొని, యాత్ర చేసి వచ్చిన భాగవతుల్లా అడుగులో అడుగు వేసుకుంటూ హద్దురాయి దగ్గరికి చేరారు. ఓబుళరెడ్డి నొసట చెమటచుక్క లేదు. అరికాలిన ఎర్రమట్టి లేదు.

నాగలక్ష్మమ్మ కళ్ళు తెరిచింది. పైనుంచి కిందికి చూసింది.

"మద్దిలేటి యాడప్పా?"

"వెనక వస్తాండాడు వదినా. ముసలోడు గదా, నిదానం."

"తలారి ముందర నడుస్తాడు. వెనక రావడం ఏంది?"

జనంలోంచి ఇద్దరు పశువుల కాపరులు మలుపు వైపు పరుగెత్తారు. వాళ్ళతో వచ్చిన మద్దిలేటి కర్ర నేలకు ఆనించి నిలబడ్డాడు.

"మట్టి వంక మలుపు కాడ దిగి బండెక్కింది తల్లీ. నా కాలు ఆడనే ఆగింది. రాయి పాతి, దాని కాడనే నిలబడుకోనుంటి."

జనంలో ఎవరో కిసుక్కుమన్నారు. "మట్టికి గూడా జీపు ఎక్కే యోగం పట్టింది రా!" అన్నాడొకడు. "మట్టి బరువు ఎక్కువైందేమో పాపం, నిమ్మకాయంత ఉన్నింది," అన్నాడింకొకడు.

నాగలక్ష్మమ్మ లేచింది. ఆ ఒక్క ఘడియలో పదేండ్లు చిన్నదయినట్టు లేచింది. సిద్దమ్మ చేతిలోని రాగిచెంబు అందుకొంది.

"చెయ్యి పట్టు ఓబుళరెడ్డీ. ఈ రాయి కాడ నుంచి మద్దిలేటి పాతిన రాయి దాకా, మీ కాళ్ళు పడిన బాట మీకే. వెడల్పు అడగొద్దు. ఇచ్చేదాన్ని గదా, ఒక బండి పట్టేంత ఇస్తాండా."

సెట్టికి మతి పోయింది. "అయ్యో, ఆ తావున బండే ల్యాకపాయెనే అప్పా!" అని అరిచాడు. అరిచినాక నాలుక కరుచుకున్నాడు.

"విన్నారా నాయనా? భూమాత అసలు పేరు బండ అని ఆయప్ప నోట ఇప్పుడు బయటికొచ్చింది," అంది సిద్దమ్మ.

వకీలు గొంతు పెంచాడు. "ఇది మోసం. కోర్టుకు పోతాం."

"పోదాం సామీ. మట్టిని జీపు మీద తిప్పినామని, నరసింహుని పేరు పెట్టి ప్రమాణం చేసినామని జడ్జీ ముందర మీరే చెప్పండి. నేను తోడు వస్తా," అంది నాగలక్ష్మమ్మ.

ఇంకెవరైనా ఆ నీళ్ళు చేతిలో పడకముందే జీపెక్కి పోయేవారు. వీళ్ళు పోలేదు. మంత్రిగారి సభ నిర్ణయమై ఉంది. ఏదో ఒక భూమి పుచ్చుకున్నట్టు చూపాలి. ఓబుళరెడ్డి నలుగురి ముందూ చెయ్యి చాపి, ఆ బండి పట్టేంత బాటను ధార పట్టాడు. ఫోటోలవాడు మళ్ళీ గుడ్డ కప్పుకున్నాడు. తర్వాత అక్కడొక బోర్డు లేచింది. రాజధాని హైదరాబాదుకు తరలిపోయిన ఏడాది సంఘమూ గుడారాలతోపాటు మూటకట్టుకొని మాయమయింది. బోర్డు మీద మేకలు వీపు గోక్కున్నాయి.

కాని నాగలక్ష్మమ్మ చిక్కు తీరలేదు. మంత్రిగారి సభ ముగిసిన వారానికి ఆమె పల్లెల కాపరులను పిలిపించింది. "మీలో ఎవరైనా మట్టి మోయండి నాయనా. బీడంతా మీ పేరనే పెడతా," అంది.

కాపరుల్లో పెద్దవాడు ఈరన్న చేతులు జోడించాడు. "ఆ ప్రమాణం మోసేంత యోగ్యత మాకు యాడిది తల్లీ? రేపు కరువొచ్చి, కడుపు కాలి, నా కొడుకు ఒక గుంట తవ్వితే? మా వంశం నాశనమై పోతాది. మాకొద్దు." అందరూ తలలూపి, దండం పెట్టి, పశువులను తోలుకొని వెళ్ళిపోయారు.

ఆమె వాళ్ళ వెనకే చాలాసేపు చూస్తూ నిలబడింది. దొంగలకు భయం లేదు. మంచివాళ్ళకు ధైర్యం లేదు. ఈ ఇద్దరి నడుమా భూదేవిని నరసింహుడు ఎట్లా నిలబెడుతున్నాడో ఆయనకే తెలియాలి.

"బతికినాం పోనీలే అమ్మా," అంది సిద్దమ్మ. "ఆ పీడ వదిలింది."

"యాడ బతికినామే? ఇంక సావడానికి గూడా ల్యాకపాయె," అంది నాగలక్ష్మమ్మ, అరుగు మీద కూలబడుతూ. "మట్టి మోసేటోడు ఒక్కడు పుట్టేదాకా నేను కాపలా ఉండాల. కొర్రన్నం మిగిలుంటే పెట్టుకొని రా. మజ్జిగ గూడా తే."