రేగాకు నీళ్ళు

మా నానమ్మ ఖదీజాబీ చనిపోయిందని తెలిసి సగం గురజాల మా ఇంటి ముందు చేరింది. అందరూ ఏడ్చారు. ఆమెకు చివరి స్నానం ఎవరు చేయిస్తారంటే మాత్రం ఒక్కరూ ముందుకు రాలేదు. నాకు ఒళ్ళు మండింది.

మాలో ఆడమనిషి పోతే ఆడవాళ్ళే గుసుల్ చేయించాలి. అంటే, మట్టికి పంపేముందు శుభ్రంగా కడిగి తెల్లబట్ట చుట్టాలి. ఈ చుట్టుపక్కల ఆ పని నానమ్మదే. కబురొస్తే అన్నం ముందు నుంచి కూడా లేచి వెళ్ళేది. ఎవరైనా ఆటో చార్జీలన్నా తీసుకోమంటే కసురుకునేది. "రేపు అల్లా ముందు నిలబడితే చూపించుకోడానికి నాకున్నది ఇదొక్కటే. దాన్ని కూడా అమ్ముకోమంటావా ఏంది?" అనేది.

కాలేజీ రోజుల నుంచి నేనూ ఆమె వెంట వెళ్ళేదాన్ని. నానమ్మ కడుగుతున్నంతసేపూ పోయినామెతో మాట్లాడుతూనే ఉండేది. "కాస్త ఇటు తిరుగు తల్లీ. చెయ్యి ఎత్తుతున్నా. అయిపోయింది, ఇంకొంచెం." వాళ్ళకేం వినపడుతుంది నానమ్మా అని ఒకసారి అడిగాను. "నీకేం తెలుసే? చెప్పకుండా మనిషి మీద చెయ్యేయడం మర్యాదేనా?" అంది. మరోసారి, తెలిసినామె పోతే నాకు కన్నీళ్ళు ఆగలేదు. "ఏడిస్తే ఏడువు. చేతులు మాత్రం ఆపమాక" అంది.

లాక్‌డౌన్‌లో పక్కింటి మహాలక్ష్మమ్మగారు నిద్రలోనే పోయారు. చుట్టాలెవరూ కదిలి రాలేని రోజులు. కోడలు లీలావతి పిన్ని ఒక్కతే దిక్కుతోచక కూర్చుంటే, నానమ్మ వెళ్ళి ఆవిడకు స్నానం చేయించి, వాళ్ళ పద్ధతిలో పసుపు రాసి, కుంకుమ పెట్టి, కొత్త చీర కట్టింది. ఇంటికొచ్చి నమాజు చేసుకుంది. నువ్వు బొట్టు పెట్టడమేమిటని మావాళ్ళలో ఒకాయన సణిగాడు. "ఆమె దేవుడు ఆమెని గుర్తుపట్టాలిగా" అంది నానమ్మ.

అలాంటి మనిషికి ఇప్పుడు ఎవరూ లేరా అని నా మంట. నిజానికి ఎవరు చేయాలో నానమ్మ ముందే చెప్పి పెట్టింది. మొన్న రంజాను నెలలో నన్ను మంచం దగ్గరకు పిలిచి, "ఏమే ఫరా, నన్ను కడిగేది నువ్వు. నీళ్ళు పోసేది మీ షాహిస్తా అత్త. బయటోళ్ళు వద్దు" అంది.

"అత్తకి భయం గదా నానమ్మా."

"భయమని తెలిసే చెప్తున్నా. నేను పోయినాక కూడా అది ఆ భయంతోనే బతకాలా? నువ్వు దాన్ని గుసుల్ దగ్గరికి తీసుకురా. మాటివ్వు."

ఇచ్చాను. ఇప్పుడు ఆ మాట నిలబెట్టుకోవాలి.

షాహిస్తా అత్త నానమ్మ ఒక్కగానొక్క కూతురు. పడుచుతనంలో అత్తకు నరసరావుపేట సంబంధం ఒకటి ఖాయమైంది. శవాలను కడిగే చేత్తో వండిన అన్నం మేము తినమని పెళ్ళివారు లేచిపోయారు. తర్వాత మంచి మనిషే దొరికాడు, పెళ్ళయింది, ఆయన పోతే మా ఇంటికే వచ్చేసింది. కానీ ఆ మొదటి మాట ఆమెలోంచి పోలేదు. చావు కబురు వస్తే తలుపేసుకునేది. అదే అత్త, నానమ్మ మంచాన పడ్డ దగ్గర నుంచీ రోజూ తన చేతులతోనే ఆమెకు స్నానం చేయించింది, జడ వేసింది. ఊపిరున్న అమ్మంటే ప్రాణం, ఊపిరి ఆగిన అమ్మంటే వణుకు.

మా నాన్న అబ్దుల్ రహీమ్‌ది బైకుల షెడ్డు. ఇంట్లో గొడవ లేవకుండా ఉంటే ఆయనకదే చాలు. "మాచర్ల నుంచి ఒకామెను పిలిపిస్తానమ్మా. మీ అత్త వల్ల కాదు. నువ్వు చూస్తే పెళ్ళి కావాల్సిన పిల్లవి. మీ అత్తకు జరిగిందే నీకూ జరిగితే?" అన్నాడు.

"ఆ కారణంతో లేచిపోయే సంబంధం లేచిపోతేనే మంచిది నాన్నా. నానమ్మ చెప్పినట్టే జరిగిద్ది. సాయంత్రం అసర్ నమాజుకల్లా తెల్లబట్టలో మీకు అప్పజెప్తా" అన్నాను. నాన్న ఫోను జేబులో పెట్టుకున్నాడు.

పెరట్లో నాలుగు వైపులా దుప్పట్లు కట్టి, మధ్యలో చెక్కబల్ల వేయించాను. లీలావతి పిన్ని ఎవరూ అడక్కుండానే వాళ్ళ పొయ్యి మీద కాగు పెట్టి, మా గుసుల్‌కు వాడే రేగాకు వేసి నీళ్ళు కాచి తెచ్చింది. "మా అత్తగారికి చేసిన మనిషి. ఈ మాత్రం నన్ను చెయ్యనీయమ్మా" అంది. ఇద్దరం కలిసి నానమ్మను బల్ల మీద పడుకోబెట్టి, పైన మందపాటి దుప్పటి కప్పాం. పిన్ని బయటికి వెళ్ళి కూర్చుంది.

అత్త దుప్పటి తెర అవతలే గోడకు ఆనుకుని నిలబడింది.

"రా అత్తా. నీళ్ళు పొయ్యడమే గదా."

"నా వల్ల కాదే."

"నిన్నటిదాకా రోజూ పోసిందానివి, ఈరోజు ఏమైంది? మీ అమ్మే గదా. పక్కింటోళ్ళు నీళ్ళు కాచి తెస్తే, కన్నకూతురు గోడకంటుకుని నిలబడిద్దా?" అని అరిచాను.

అత్త ఏడ్చింది గానీ కదల్లేదు. నా నోరే నా శత్రువు. అరిచి మనిషిని రప్పించలేమని అప్పటికి అర్థమైంది. ఇక ఒక్కదాన్నే చేసేద్దామని, బిస్మిల్లా అనుకుని చేతికి గుడ్డ చుట్టుకున్నాను. నానమ్మలా ఒక్క మాట చెప్పి మొదలుపెడదామంటే నాకు నోరు పెగల్లేదు. ఇందాక వీధికి వినపడేలా అరిచిన నోరే.

సరే, నీళ్ళ సంగతి చూద్దామని బకెట్‌లో వేడినీళ్ళు పోసి, మే నెల ఎండ గదా అని బోరునీళ్ళు బాగానే కలిపాను. ఇంకో చెంబు ముంచుతుండగా తెర అవతల నుంచి గొంతు వినపడింది.

"ఎన్ని చన్నీళ్ళు కలుపుతున్నావే?"

"గోరువెచ్చగా ఉండాలి గదా అత్తా."

"ఏదీ..." అంటూ తెర పక్కకు తోసి ఆమె లోపలికి వచ్చేసింది. బకెట్‌లో ముంజేయి ముంచింది. "ఇవేం నీళ్ళే? చల్లగా ఉన్నయ్యి. ఈ నీళ్ళు పోస్తే అమ్మ ఊరుకునిద్దా? ఎండాకాలమైనా ఆమెకు వేణ్ణీళ్ళే కావాల." కాగులోంచి తనే ముంచి కలిపింది, మళ్ళీ చెయ్యి పెట్టి చూసింది, ఇంకొంచెం కలిపింది. లోపలికి వచ్చానన్న సంగతి అప్పుడు తెలిసినట్టుంది. తలెత్తి నానమ్మ మొహం చూసింది. ఒకసారి వెనక్కి తెర వైపు చూసింది. నేను నోరు మూసుకుని నిలబడ్డాను. నా జన్మలో నేను చేసిన కష్టమైన పని అదే.

అత్త నీళ్ళు ముంచింది. ఎడమ చేతిని నానమ్మ నుదుటి మీద అడ్డం పెట్టి, రోజూ అన్నట్టే అంది.

"అమ్మా, కళ్ళు మూసుకో. తల మీద పోస్తన్నా."

పొద్దున్నుంచి రాని ఏడుపు అప్పుడు వచ్చింది నాకు. ఏడ్చాను. చేతులు మాత్రం ఆపలేదు.