ఆరు కొక్కేలు

మూడో నంబరు కాటేజీలో దుప్పటి దులపగానే గుప్పెడు ఇసుక, ఒక హెయిర్‌పిన్ను, సగం కొరికిన బిస్కెట్టు రాలిపడ్డాయి. తాళాలక్క పిన్నును ఏప్రన్ జేబులో వేసుకుంది, బిస్కెట్టును కాకులకని కిటికీలోంచి విసిరింది, ఇసుకను మాత్రం తిట్టుకుంటూ ఊడ్చింది. ఇరవై ఆరేళ్లుగా ఊడుస్తూనే ఉంది. సముద్రాన్ని గుమ్మం బయటికి నెట్టడమే నా ఉద్యోగం అని గెస్టులతో నవ్వుతూ చెప్పేది. బిస్కెట్టు అక్కడే పడి ఉంది. కాకులు రాలేదు. పొద్దుటినుంచీ గాలి కూడా లేదు.

పొట్టి మనిషి. బ్లీచింగు నీళ్లకు పాలిపోయిన వేళ్లు, కొంచెం ఈడ్చే ఎడమకాలు. నడుముకు ఎప్పుడూ ఆరు డూప్లికేట్ తాళంచెవులు గలగలలాడేవి కాబట్టి తాళాలక్క అయింది, అసలు పేరు అందరూ మర్చిపోయారు. ఈరోజు ఆ గలగల లేదు. నిన్న ఓనరు ఆరు తలుపులకూ నంబరు తాళాలు బిగించి పాత తాళంచెవులన్నీ డబ్బాలో పోసి పట్టుకుపోయాడు. గెస్టులకు నంబరు ఫోన్లో వస్తుంది. ఖాళీ అయిన గది తలుపు ఓనరే, ఎక్కడున్నా, తన ఫోన్లోంచి తీస్తాడు.

"ఇక ఆ బరువు మొయ్యక్కర్లేదక్కా, నీ నడుం నొప్పి తగ్గిపోద్ది చూడు!" అన్నాడు. పాత ఓనరు మేనల్లుడు, అన్నిటికీ హుషారే.

"మరి బోర్డో?"

"ఉంచుదాం. డెకరేషన్. ఫొటోలు దిగుతారు."

"అది కాదు బాబూ. నీళ్లలో ఎవరున్నారో నాకెలా తెలుస్తుంది?"

"వాళ్లేమన్నా చంటిపిల్లలా అక్కా?" అని బండెక్కి టౌనుకు వెళ్లిపోయాడు.

గేటు పక్కన చెక్క బోర్డు, దానికి ఆరు కొక్కేలు. సముద్రంలోకి దిగేవాళ్లెవరైనా తాళంచెవి అక్కడ తగిలించి వెళ్లాలి, వచ్చాక తీసుకోవాలి. అది తాళాలక్క పెట్టిన రూలు. సాయంత్రం అయిదింటికి బోర్డు చూసేది. తాళంచెవి వేలాడుతుంటే మనిషి ఇంకా నీళ్లలో ఉన్నట్టే. ఒడ్డుకు వెళ్లి, పేరు తెలిస్తే పేరు పెట్టి, తెలియకపోతే నంబరు పెట్టి అరిచేది. "ఓ రెండో నంబరూ! ఇక చాలు రావయ్యా, నీటిలో నానితే ఉబ్బుతావు!"

పన్నెండేళ్ల క్రితం ఒక సాయంత్రం మూడో కొక్కేనికి తాళంచెవి వేలాడింది. మూడో నంబరులో గెస్టులు లేరు. ఆమె పెనిమిటే అక్కడి ఎలక్ట్రీషియను, ఫ్యాను బాగుచేసి, చెమట పట్టిందని ఒక్క మునక వేసొద్దామని వెళ్లాడు. ఆమె తాళంచెవిని చూసింది. ఎక్కడో పేకాడుతూ కూర్చుని ఉంటాడులే అనుకుని వెళ్లి వంట చేసుకుంది. రెండు కంచాలు పెట్టింది.

అప్పటినుంచి ఏ తాళంచెవినీ అయిదు దాటి వేలాడనివ్వలేదు.

ఇప్పుడు నాలుగున్నర. బోర్డు ఖాళీగా ఉంది. కొక్కేల కింద చెక్క మీద తాళంచెవులు ఊగి ఊగి గీసిన ఆరు అర్ధచంద్రాలు మాత్రం ఉన్నాయి.

నాలుగో నంబరు అమ్మాయే ఆమె మనసులో మెదులుతోంది. మూడు రోజుల కిందట ఒంటరిగా దిగింది, ఒక్క బ్యాగుతో. తిండి సగం వదిలేస్తుంది. వచ్చిన రోజే అడిగింది.

"ఇక్కడ లోతెక్కువా అండీ?"

"ఆ రెండు రాళ్ల మధ్య ఎక్కువ. అటు పోకమ్మా."

"ఎంతుంటుంది?"

"కొలిచొచ్చి చెప్పినవాళ్లు లేరు."

ఆ అమ్మాయి నవ్వలేదు. రాళ్లకేసి చాలాసేపు చూసింది.

మూడింటికి గుమ్మంలో పెట్టిన టీ అలాగే ఉంది, పైన మీగడ కట్టి. రెయిలింగు మీద తువ్వాలు లేదు. తాళాలక్క తలుపు తట్టింది. గట్టిగా తట్టింది. "అమ్మాయ్! ఓ తల్లీ!" తలుపు మీద నంబర్ల పలక నీలంగా వెలిగి ఆరిపోయింది. ఓనరుకు ఫోన్ చేసింది. రింగయి రింగయి ఆగిపోయింది.

మెట్ల చివరికి వచ్చి చూస్తే, నీటి అంచున ఒక జత చెప్పులు. ఆ అమ్మాయివే.

పరుగెత్తబోయి గేటు దగ్గర ఆగింది. నీళ్లలోకి దిగేవాళ్లెవరైనా, అని కదా రూలు. జేబులోంచి, ఓనరు నంబరు తాళం బిగించని తన గది తాళంచెవి తీసి, ఏప్రన్‌కు తుడిచి, మూడో కొక్కేనికి తగిలించింది.

సముద్రం అలలు లేకుండా నూనెలా పరుచుకుని ఉంది. రాళ్ల మధ్య నల్లగా ఏదో ఊగుతోంది. జుట్టులా ఉంది. "వస్తున్నా తల్లీ, అక్కడే ఉండు!" మోకాళ్ల లోతు, నడుము లోతు, ఏప్రన్ నీటి మీద తేలి చుట్టూ విచ్చుకుంది. చెయ్యి చాచి పట్టుకుంది. నాచు పట్టిన వల ముక్క.

"హమ్మయ్య," అంది పైకే.

కాళ్ల కింద ఇసుక మెల్లగా, ఎవరో దుప్పటి లాగినట్టు, జారిపోయింది.

ఏడింటికి నాలుగో నంబరు తలుపు తెరుచుకుంది. ఆ అమ్మాయి చెవుల్లోంచి ఇయర్‌ఫోన్లు పీకేసి ఒళ్లు విరుచుకుంది. నెలల తర్వాత అంతసేపు నిద్ర పట్టింది, ఆకలి కూడా వేస్తోంది. పొద్దున ఒడ్డునే మర్చిపోయిన చెప్పుల కోసం చూస్తే, నీళ్లు అక్కడిదాకా వచ్చేసి ఉన్నాయి. ఉత్త కాళ్లతో గేటుదాకా నడిచింది. ఓనరు అప్పుడే బండి దిగుతున్నాడు.

"అక్క ఎక్కడండీ? భోజనం అడుగుదామని."

చీకటిగా ఉన్న ఆమె గదికేసి చూశాడు. "పడుకుని ఉంటుందండీ. తెల్లారకముందే లేస్తుంది కదా, పాపం."

"మరి బోర్డు మీద ఈ తాళంచెవి ఒక్కటే ఉందేంటి?"

"అదా? ఊరికే. డెకరేషన్."

ఇద్దరూ లోపలికి వెళ్లారు. మూడో కొక్కేనికి ఆ చిన్న తాళంచెవి, పెనిమిటి ఎప్పుడో గుర్తుకని చుట్టిన ఎర్ర వైరు ముక్కతో, వేలాడుతూ ఉంది.