ఒక ప్రశ్నలో రెండు ప్రశ్నలు

ఆఫీసు నుంచి రాగానే రాజశేఖర్ బూట్లు విప్పి, ముఖం కడుక్కుని, సోఫాలో కూలబడి ప్రశ్నలు మూసేవాడు. షార్జా అల్ నహ్దాలో వాళ్ల ఫ్లాటు. భార్య మంజుల తెచ్చిపెట్టిన చాయ్ పక్కనే చల్లారిపోయేది. దుబాయ్‌లో ఉన్న తెలుగువాళ్లకి ‘అడుగుండ్రి’ అని ఒక సైట్ ఉంది. వీసా, పనిలో పెట్టుకున్న కఫీల్‌తో పేచీ, రోగం, ఏ సంగతైనా అడగొచ్చు. ఏ ప్రశ్న ఉండాలో ఏది మూయాలో తేల్చే పెద్దల్లో రాజశేఖర్ ముఖ్యుడు. అడిగిందే అడిగినా, ఒక ప్రశ్నలో రెండు ఇరికించినా మూసిపారేస్తాడు. పాపం అని చూడడు. ఆఫీసు నడిపించే ముదీర్ ముందు నోరెత్తని మనిషికి ఇక్కడ ఎంత దర్జానో.

మూసిన ప్రశ్న ఇక అడిగినవాళ్ల నోటికి రాదు. సైగకూ రాదు, రాద్దామన్నా వేళ్లు కదలవు. ఇది అందరికీ తెలిసిందే. అమ్మకు బాగాలేదు, సెలవు ఎట్ల అడగాలె అని సోనాపూర్ కూలీల క్యాంపు నుంచి హన్మంతు రాస్తే, ఇదివరకే ఎవరో అడిగారని రాజశేఖర్ మూసేశాడు. మర్నాడు హన్మంతు ఫోర్‌మన్ ముందు నిలబడి నోరు తెరిచి, మూశాడు. "సవాల్ బంద్ హోగయా భాయ్?" అని రూమ్‌లో ఉండే ఇనాయతుల్లా ఇంత చాయ్ పోశాడు. అక్కడ ఊళ్లో తల్లి లింగవ్వ కొడుకు ముఖం చూడకుండానే పోయింది.

ఒకరోజు ‘బంతిపువ్వు’ అనే పేరుతో ఒక ప్రశ్న వచ్చింది. "రొమ్ముల గడ్డ చేతికి తగులుతుంది. నొప్పి లేదు. ఇది ఏమైతది? మా ఇంటాయనకు ఎట్ల చెప్పాలె? ఏం చెప్పవోయినా నేను మాట్లాడే తీరే తప్పంటడు."

రాజశేఖర్‌కి నవ్వొచ్చింది. "చూసినవా, ఒక్క ప్రశ్నల రెండు ప్రశ్నలు. పైంగ మొగని మీద చాడీలు. వీళ్లకు అడుగుడు గూడ రాదు," అన్నాడు వంటింటి వైపు తిరిగి. మూసేశాడు.

మర్నాడు పొద్దున మంజుల టిఫిన్ డబ్బా అందిస్తూ నోరు తెరిచి, మూసింది. "ఎవడు మూసిండే నీ ప్రశ్న? జర తీరుగ అడగద్దా?" అని అతను నవ్వుకుంటూ లిఫ్ట్ ఎక్కాడు. ఆమె అలా చూస్తూ నిలబడింది.

రోజులు గడిచేకొద్దీ మంజుల తిండి తగ్గింది, జాకెట్లు వదులయ్యాయి. చివరికి క్లినిక్‌కి తీసుకెళ్లాడు. అక్కడి నర్సు దయారాణిది కాకినాడ వైపు.

"ఏంటమ్మా బాధ?"

మంజుల నోరు తెరిచి, మూసింది. దయారాణి పెన్ను పక్కన పెట్టేసింది. "ఈవిడ ప్రశ్న మూసేశారండి. ఎక్కడని చూస్తాం? తెరిపించుకుని రండి, డాక్టరు గారికి చూపిద్దాం."

బయట బెంచీ మీద రాజశేఖర్ ఆమె సంచిలోంచి ఫోన్ లాక్కుని చూశాడు. బంతిపువ్వు. మూసినది రాజశేఖర్.

మూసినవాడు తనే తెరవడానికి వీల్లేదు, మిగతా పెద్దలంతా ఒప్పుకోవాలి. న్యాయంగా ఉండాలని ఆ నియమం పెట్టింది కూడా ఈ మహానుభావుడే. దయారాణి తలుపుకి అవతలే ఉంది. లేచి వెళ్లి రెండు ముక్కలు చెబితే సరిపోయేది. కానీ ఇన్నేళ్ల అలవాటు ఎక్కడికి పోతుంది? ముందు సైట్‌లో రాశాడు. "బంతిపువ్వు మా ఇంటామెనే. రొమ్ముల గడ్డ ఉన్నదట. ఆ ప్రశ్న తెరుస్తరా? నన్ను మాఫ్ చేస్తరా?"

పెద్దల్లో ఒకడు, అతనే తర్ఫీదిచ్చిన చరణ్‌తేజ్ వెంటనే జవాబిచ్చాడు. "అన్నా, ఒక ప్రశ్నల రెండున్నయి. పైంగ మీ ఇంటి ముచ్చట. అందరికీ ఒకటే న్యాయమని మీరే నేర్పిన్రు. ఖలాస్." మూసేశాడు.

రాజశేఖర్ లోపలికి పరుగెత్తాడు. దయారాణి ముందు నోరు తెరిచాడు, మూశాడు. చెయ్యెత్తి చూపించబోయాడు, చెయ్యి లేవలేదు.

"అయ్యో, మీది కూడా మూసేశారా అండి?" అంది దయారాణి. భార్యాభర్తలకు చెరో గ్లాసు నీళ్లిచ్చి, తర్వాతివాళ్లను పిలిచింది.

పెద్దలు మెల్లగా, పద్ధతిగా ఆలోచించారు. ఎండలు తగ్గి చలి మొదలయ్యాక రెండు ప్రశ్నలూ తెరిచారు. ఆలస్యం చెయ్యకుండా డాక్టర్‌కు చూపెట్టుండ్రి అని ఎవరో పుణ్యాత్ముడు జవాబు కూడా రాశాడు. మంజుల శవపెట్టె విమానంలో ఊరికి పోయి అప్పటికి నెల దాటింది.

నోటికి మాట రాగానే రాజశేఖర్ క్లినిక్‌కి వెళ్లాడు. ఎందుకు వెళ్లాడో అతనికే తెలియదు. "మా మంజుల రొమ్ముల గడ్డ ఉన్నది సిస్టర్," అన్నాడు తడబడకుండా.

"తెరిచేశారన్నమాట, మంచిదండి," అని దయారాణి సంతోషపడింది. "మరి ఆవిడేరి? లోపలికి పిలవండి."

రాజశేఖర్ నోరు తెరిచి, మూశాడు. మళ్లీ ఏదో ప్రశ్న మూసేశారు కాబోలనుకుని, దయారాణి గ్లాసులో నీళ్లు పోసింది.