ముల్లు కదలని ఇల్లు

అమ్మ మూడు గ్లాసుల్లో టీ పోసి, నాలుగోది కిటికీ పక్క కుర్చీ ముందు పెట్టింది. ఆ కుర్చీ నాన్నది. చనిపోయిన మర్నాడే తిరిగొచ్చి అందులో కూర్చున్నాడు. అమ్మకి కనిపిస్తాడు, తమ్ముడికి కనిపిస్తాడు, ఆఖరికి పేపరు వేసేవాడు కూడా "బాగున్నారా సార్" అని పలకరించి పోతాడు. కూతురికి మాత్రం ఒట్టి కుర్చీ, చల్లారిపోయే టీ.

ఆ ఉక్రోషమే ఆమెని దయ్యాల వేటలోకి దింపింది. సొంత నాన్నే మొహం చాటేస్తే, ఊళ్ళో దయ్యాలన్నిటినీ పట్టుకుంటానని పంతం. పాత రేడియోలు విప్పి, దొరికిన పుస్తకమల్లా చదివి, దయ్యముంటే ముల్లు ఊగే మీటరు తానే తయారుచేసుకుంది. ఏ ఇంటికెళ్ళినా ముల్లు గిలగిల్లాడేది. "ఉంది, ఖాళీ చెయ్యండి" అనేది. చేసేవాళ్ళు. సొంతవాళ్ళైతే సరే, ముక్కూ మొహం తెలియని దయ్యంతో ఎవరుంటారు? ఇంట్లో మాత్రం అమ్మ ఆ మీటరు తియ్యనిచ్చేది కాదు.

"మీ నాన్నేమన్నా కరెంటు స్తంభమా, మీటరు పెట్టడానికి!"

ఆ పొద్దున ఆమె స్కూటరు తాళం తీస్తుంటే అమ్మ అంది: "ఇవాళ మీ నాన్న రారట. మోకాళ్ళు పట్టేశాయట."

ఎక్కడికని ఆమె అడగలేదు. నాన్న కబుర్లంటే చెవులు మూసుకోవడం అలవాటైపోయింది.

ఆ రోజు పిలుపొచ్చిన ఇంట్లో, మేడ మీది గదిలో, కుట్టుపని చేసుకునే ఆవిడ మిషనుని గోనెపట్టాలో చుట్టి సిద్ధంగా ఉంది. రాత్రిళ్ళు గోడలో మూలుగట.

"చెప్పెయ్యమ్మా. ఉందంటే సాయంత్రానికే పోతాను. ఎక్కడికని అడక్కు, నాకే తెలీదు."

ముల్లు కదల్లేదు. మీటరుని చరిచింది, బ్యాటరీలు మార్చింది. ఊహూఁ. గోడకి చెవి ఆనిస్తే నీళ్ళగొట్టంలో గాలి.

"ఏమీ లేదండీ" అంది. ఆ మాట అనడం ఆమెకి అదే మొదలు.

ఆవిడ గోనె విప్పుతూ ఏడ్చేసింది. "కిందటి ఇల్లు కూడా నీ మాట మీదే కదమ్మా వదిలాను! బేరాలన్నీ పోయాయి. అప్పుడు ఒకటే ఊగిందిగా ముల్లు?"

ఇవాళ రారట. పొద్దుటి మాట అప్పుడు చెవిన పడింది ఆమెకి.

ఇంటికొచ్చి గుమ్మంలోంచే అడిగింది. "అమ్మా, నాన్న రోజూ ఎక్కడికొస్తాడు?"

"ఎక్కడికేమిటే, నీ స్కూటరు వెనకేగా! పిల్లని ఒంటరిగా ఎలా పంపుతానూ అని."

"నీకు తెలుసనుకున్నాం అక్కా" అన్నాడు తమ్ముడు. "నువ్వు హెల్మెట్ మర్చిపోయిన రోజున ఎంత గొడవ చేస్తాడో!"

ఆమె చేతిలో ముల్లు ఊగిపోతోంది. తాళాలు పడ్డ ఇళ్ళు, తోపుడుబళ్ళ మీద మంచాలు, గిన్నెలు మోసుకెళ్ళిన పిల్లలు. కుర్చీ కేసి చూడలేకపోయింది.

మర్నాడు స్కూటరు మీద కాస్త ముందుకి జరిగి కూర్చుంది. కుట్టుపని ఆవిడ పాత ఇంటి తాళం ఇంటివాళ్ళని అడిగి తెచ్చుకుంది. ఆవిడ వెళ్ళాక అందులో ఎవరూ దిగలేదు. గేటు దగ్గర బండాపి, ఇన్నాళ్ళకి పిలిచింది.

"నాన్నా, పైకి రావద్దు. ఇక్కడే ఉండు."

వెనక సీటు కిర్రుమని తేలికపడింది.

మెట్టు మెట్టుకీ ముల్లు వాలిపోయింది. లోపల చలనం లేదు. ఇల్లు ఒట్టి ఇల్లే. గూట్లో ఆవిడ మర్చిపోయిన గుండీల డబ్బా ఒకటి. అది తీసుకుని, తలుపేసి మెట్లు దిగసాగింది.

గేటు దగ్గర ఎవరూ కనిపించలేదు. ముల్లు మాత్రం, ఆమె దిగుతున్న కొద్దీ, మెల్లగా లేచింది.