కునుకు వేళ

మధ్యాహ్నం అన్నాలయ్యాక మా తైవాన్‌లో, ఈ తైనాన్ ఊరి బళ్ళలో పిల్లలందరూ బల్ల మీద చేతులు మడిచి, వాటి మీద తల వాల్చి పడుకోవాలి. నా చిన్నప్పుడు నేనూ అలాగే పడుకున్నాను, మా అమ్మా అలాగే పడుకుంది. మా అమ్మాయి యున్‌చీకి మాత్రం ఆ అరగంట గండమే.

దానికి తొమ్మిదేళ్ళు. ఏడీహెచ్‌డీ, అంటే ఒకచోట కుదురు నిలవని సమస్య, అన్నాడు డాక్టరు. పొద్దున వేసిన మాత్ర పట్టు సరిగ్గా అన్నం వేళకి వదిలిపోతుంది. ఇక అక్కణ్ణుంచి కాలుగాలిన పిల్లే. బల్ల తన్నుతుంది, ముందు పిల్ల జడ లాగుతుంది, పడుకున్నవాళ్ళని కుదిపి "నిద్రపోయావా?" అని అడుగుతుంది. కళ్ళు తెరిచినవాళ్ళ పేర్లు లీడరు పిల్లాడు నల్లబల్ల మీద రాస్తాడు. మా దాని పేరు చెరపడం కూడా మానేశారు.

సోమవారం గావ్ టీచర్ ఫోన్ చేసింది.

"యున్‌చీ వాళ్ళమ్మా, మిగతా తల్లులు గొడవ చేస్తున్నారండీ. శుక్రవారం దాకా చూస్తాను. కుదరకపోతే ఆ అరగంటా దాన్ని కింద ఆఫీసు పక్క గదిలో కూర్చోబెట్టక తప్పదు."

ఆవిడ గొంతులో కోపం లేదు, ఓపికా లేదు. నాకూ లేదు. సరేనన్నాను.

చెబితే యున్‌చీ మొహం చిన్నబోయింది. "అందరూ చూస్తుండగా రోజూ నన్ను తీసుకెళ్తారా? పడుకుంటానమ్మా. ఆ గదికి పంపొద్దని చెప్పు."

అలా మొదలైంది మా సాధన. నాది టిఫిన్ కొట్టు. చీకటితో లేచి సోయా పాలు కాచి, గుడ్డట్లు పోసి, మధ్యాహ్నం షట్టరు సగం దించేసరికి ఒళ్ళు హూనమైపోతుంది. అది బడినుంచి రాగానే స్టీలు బల్ల ముందు కూర్చోబెట్టి "తల వాల్చు, కళ్ళు మూసుకో" అనేదాన్ని. మూసుకునేది. ఊపిరి పీల్చేలోపు బల్ల కింద కాళ్ళు టకటకమనేవి.

మా అత్తగారు పక్కనే కూర్చుని మర్నాటి ముల్లంగి రొట్టెలకి తురుముతూ సన్నాయి నొక్కులు నొక్కేది. "వాళ్ళ నాన్నా ఇంతే. కుదురుగా కూర్చోవాలంటే వాడి కింద ఏదో ఒకటి కదులుతుండాలి. అందుకే లారీ ఎక్కాడు."

"అత్తయ్యా, మీరు కాస్త ఊరుకోండి."

"నేను ఊరుకుంటే అది ఊరుకుంటుందా?"

బుధవారం నాకు విసుగు నెత్తికెక్కింది. అరచేత్తో బల్ల మీద కొట్టాను. "కళ్ళు మూసుకోవడం కూడా చేతకాదా నీకు?"

"మూసుకుంటే లోపల ఇంకా గోలగా ఉంటుందమ్మా," అంది యున్‌చీ. వంకలు పెడుతోందనుకుని ఇంకో నాలుగు తిట్టాను.

గురువారం తిట్టే శక్తి కూడా లేదు. "ఇదిగో, నన్ను చూసి నేర్చుకో," అని దాని ఎదురుగా కూర్చుని నేనే తల వాల్చాను. స్టీలు చల్లగా తగిలింది. అంతే, మళ్ళీ ఒళ్ళు తెలియలేదు.

మెలకువ వచ్చేసరికి కొట్లో మసక చీకటి. నా మొహానికి జానెడు దూరంలో యున్‌చీ మొహం ఉంది. చేతుల మీద తల వాల్చి, కళ్ళు రెండూ తెరిచి నన్నే చూస్తోంది.

"బుట్టెడు ముల్లంగీ తురిమేశాను," అంది అత్తగారు మెల్లగా. "అది కదిలితే ఒట్టు."

"నిద్రలో నీ ముక్కు కదులుతుందమ్మా," అంది యున్‌చీ. "దాన్నే చూస్తున్నా. నేను కదిలితే నువ్వు లేచిపోతావని కదల్లేదు."

నాకు ఏడుపొచ్చింది. ఇన్నాళ్ళూ కళ్ళు మూసుకో, కళ్ళు మూసుకో అని ప్రాణం తీశాను. దానికి కావలసింది చూడటానికి ఏదో ఒకటి.

శుక్రవారం పొద్దున కొట్టు అత్తగారికి వదిలి బడి గేటు దగ్గర టీచర్ని పట్టుకున్నాను. "ఇవాళొక్కరోజు దాన్ని కళ్ళు తెరుచుకోనివ్వండి టీచర్. మీ పక్కన కూర్చోబెట్టుకుని, మీరూ తల వాల్చండి."

"నేనా? ఆ అరగంటలోనేనండీ నేను పిల్లల పుస్తకాలు దిద్దుకునేది." కళ్ళ కింద నలుపుని వేలితో రుద్దుకుంది. "సరే. ఇవాళొక్కరోజే."

మధ్యాహ్నం మనసు ఊరుకోక వెళ్ళాను. బయట ముసురు. వానకోటుతోనే వరండాలో కిటికీ దగ్గర నిలబడ్డాను. గదంతా వంచిన తలలే. గావ్ టీచర్ పుస్తకాల మీద తల వాల్చింది. వాల్చినట్టు నటించడం కాదు, నోరు కొంచెం తెరుచుకుని నిజంగానే నిద్రపోతోంది. ఎర్ర పెన్ను ఇంకా వేళ్ళ మధ్యే ఉంది. పక్కనే నా కూతురు గడ్డం చేతుల మీద ఆనించి, ఆవిడ మొహం నుంచి చూపు తిప్పకుండా కాపలా కాస్తోంది.

ఇంకా బాగా చూద్దామని వంగాను. వానకోటు గరగరమంది. యున్‌చీ తలెత్తి నన్ను చూసింది. నవ్వలేదు. పెదాల మీద వేలు పెట్టి కళ్ళెర్రజేసింది.

పుట్టినప్పటినుంచీ దాన్ని కదలకు, కదలకు అన్నది నేను. ఇప్పుడు గంట కొట్టేదాకా గోడకి ఆనుకుని నేను కదల్లేదు.

గంటకి టీచర్ ఉలిక్కిపడి లేచింది. మూతి తుడుచుకుంటూ యున్‌చీని చూసి, కిటికీలోంచి నన్ను చూసింది. "సోమవారం కూడా నా పక్కనే కూర్చోనివ్వండి," అంది.

ఈలోగా యున్‌చీ కుర్చీ పడేసి, నీళ్ళ బాటిలొకటి తన్నుకుని బయటికి పరుగెత్తుకొచ్చింది.

"నీ కోటు ఎంత చప్పుడు చేసిందో! టీచర్ లేచిపోయేది. మళ్ళీ అది వేసుకుని రాకమ్మా."

వేసుకురానని చెప్పాను.